నొప్పిని ఒక్క వేలితో చూపించండి
(వరంగల్ కొత్తవాడలో చేనేత కుటుంబాల సమావేశంలో ఒక ఎముకల వైద్యుడి ప్రసంగ పాఠం)

మగ్గం ఆపి వచ్చిన అమ్మలకు, అయ్యలకు నమస్కారం.

నా దగ్గరికి వచ్చినవారిని ఎక్కడ నొప్పి అని అడిగితే చాలామంది భుజం నుంచి వేళ్ళ దాకా అరచేత్తో నిమిరి ‘ఇదంతా’ అంటారు. అప్పుడు నేను కోరేది ఒక్కటే: ఒక్క వేలితో చూపించండి. ఆ వేలు ఆగిన చోటే సగం సంగతి చెప్పేస్తుంది. ఏ నొప్పికి ఓపిక పట్టాలో, ఏ నొప్పికి ఆటో పిలవాలో మీరు ఇంట్లోనే పోల్చుకోవచ్చు.

ఈ వాడ నుంచి నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మోచేతి నొప్పి. వేలు మోచేతి బయటివైపు ఎముక బొడిపె మీద ఆగితే దాన్ని మేము టెన్నిస్ ఎల్బో అంటాం. పేరు చూసి మోసపోకండి, రాకెట్ ముట్టనివారికే ఇది ఎక్కువ. పిడికిలి బిగించిన ప్రతిసారీ మణికట్టు వాలిపోకుండా నిలిపే కండరాలు ఆ బొడిపెకే అతుక్కుని ఉంటాయి. జంపఖానా పోగును పన్నెతో దగ్గరికి కొట్టినా, తడి చీర పిండినా ఆ భారం అక్కడే పడుతుంది. ఏళ్ళ తరబడి లాగగా లాగగా తాడు కొస పీచు రేగినట్లు అవుతుంది. ఇందులో వాపు కన్నా అరుగుదల పాలే ఎక్కువ కాబట్టి మాత్రలతో నొప్పి అణగుతుందే తప్ప అసలు జబ్బు పోదు. స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం వేయించుకోనివారి కన్నా మెరుగేమీ కనిపించదు, పైగా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఈ మాట చెప్పి కొందరు రోగులను పోగొట్టుకున్నాను కూడా.

మరి ఏం చేయాలి? ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి నేలవైపు ఉండేలా అరలీటరు నీళ్ళ సీసా పట్టుకోండి. రెండో చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, సాయం వదిలేసి, మెల్లగా దించండి. దించడమే మందు. రోజూ చేస్తూ రెండు మూడు నెలలు ఆగాలి. సంచీ ఎత్తేటప్పుడు అరచేయి పైకి తిప్పి, ఒంటికి దగ్గరగా పట్టుకోండి.

ఇక మణికట్టు. బండి జారి చేయి నేలకు ఆనించి పడ్డారనుకోండి. బొటనవేలిని బాగా చాపితే దాని మొదట్లో రెండు నరాల్లాంటి తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది. వెనకటికి ఐరోపాలో ముక్కుపొడుం ఆ గుంటలో పోసుకుని పీల్చేవారట. వేలు అక్కడ నొక్కితే నొప్పి వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఆ గుంట అడుగున జీడిపప్పు ఆకారంలో స్కాఫాయిడ్ అనే ఎముక ఉంటుంది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ళవైపు కొస నుంచే వస్తుంది. మధ్యలో విరిగితే, తూము నీరు అందని చివరి మడిలాగా రెండో ముక్క ఎండిపోవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో ఈ పగులు కనబడకపోవచ్చు. ‘ఫోటోలో ఏమీ లేదు’ అన్నారని కట్టు తీసేయకండి. పది, పద్నాలుగు రోజులకు మళ్ళీ తీయించాలి.

యాభై దాటిన అమ్మలు గడప దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే కట్టుతో ఆగకుండా ఎముకల బలం కూడా పరీక్ష చేయించుకోండి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర చెడుతుంటే అది నరం నొక్కుకుపోవడం; అలాంటివారు షుగరు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

చీలమండ బెణుకు గురించి చెప్పే అర్హత నాకు బాగానే ఉంది. పద్మాక్షి గుట్ట మెట్లు దిగుతూ నేనే మడత పెట్టుకున్నాను. పాదం లోపలికి తిరిగినప్పుడు బయటి గుబ్బకు ముందున్న బంధం సాగుతుంది, లేదా చిరుగుతుంది. వేలు ఆ మెత్తని చోట ఆగితే చాలావరకు బెణుకే. గుబ్బ వెనుక అంచున ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత పనైనా, పడిన వెంటనే, ఆ తర్వాత వైద్యుడు చూసేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పదు. కెనడా వైద్యులు 1992లో ప్రకటించిన కొలత ఇది, నేటికీ వాడుతున్నాం. తొలి రెండు మూడు రోజులు వేడి కాపడం, బామ్ మర్దన వద్దు. గుడ్డలో చుట్టిన మంచు పావుగంట చాలు. నొప్పి తగ్గాక పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడడం సాధన చేయాలి. రోగులకు చెప్పే ఈ పని నేను చేయలేదు. రెండు నెలలకు అదే కాలు మళ్ళీ మడతపడింది.

చివరగా పిల్లల మోచేయి. ఇక్కడ నేను నవ్వించలేను. జామచెట్టు మీద నుంచి పడిన పిల్లవాడి మోచేయి వాచిందంటే కీలుకు కాస్త పైన ఎముక విరిగి ఉండవచ్చు. దాని ముందునుంచే చేతికి రక్తం మోసే పెద్ద నాళం పోతుంది. నూనె పెట్టి లాగడం, వెదురు బద్దలతో బిగించి కట్టడం వల్ల కండరాలకు రక్తం ఆగిపోతుంది. కొన్ని గంటల్లోనే అవి చచ్చి, వేళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. 1881లోనే ఫోల్క్‌మన్ అనే జర్మన్ వైద్యుడు బిగువు కట్ల వల్ల వచ్చే ఈ ముడతను వర్ణించాడు. ఆ పిల్లలను ఇప్పటికీ చూస్తున్నాను. కట్టు ఎవరు కట్టినా సరే, నేను కట్టినా సరే, పిల్లవాడి వేళ్ళు మెల్లగా చాపి చూడండి. చాపగానే కేక పెడితే, వేళ్ళు చల్లబడితే, పాలిపోతే, కట్టు వదులు చేసి అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకుపోండి. తెల్లవారేదాకా ఆగకండి.

ఇక వరుసగా రండి. పాత ఎక్స్‌రేలు తెచ్చినవారు కిటికీవైపు కూర్చోండి, వెలుతురు అక్కడే బాగుంది. ముందు పిల్లల్ని చూస్తాను. మిగతావారు వేలు సిద్ధంగా పెట్టుకోండి.