గెట్ దగ్గర ఇటాలియన్లు ఎందుకు ఆగిపోతారు?

[స్క్రీన్ మీద: ఐ గాట్ ఇట్]

నమస్తే అండీ. ఇటలీలో చదువుకుంటున్నారా? ఇంగ్లీషు నేర్పమని అక్కడి రూమ్‌మేట్ వెంటపడుతున్నాడా? అయితే ముందు గెట్ అనే ఇంగ్లీషు క్రియ సంగతి తేల్చండి.

ఇంగ్లీషులో సగం మాటలు ఇటాలియన్లకు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. 1066లో నార్మన్లు ఇంగ్లాండును గెలిచాక, ఫ్రెంచి ద్వారా ఇటాలియన్‌కు తల్లి అయిన లాటిన్ మాటలు బోలెడు వచ్చి చేరాయి. రిసీవ్ అనగానే వాళ్లకు రిచేవెరే గుర్తొస్తుంది. అరైవ్ అంటే అర్రివారే, అబ్టెయిన్ అంటే ఒత్తెనేరే. గెట్ మాత్రం వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చింది. ఇటాలియన్‌లో తీసుకోవడం అనే అర్థమున్న ప్రెందెరేతో దీనికి దూరపు చుట్టరికం ఉందని భాషాశాస్త్రం చెబుతుంది గానీ, చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

అందుకే వాళ్లు గెట్‌ను తప్పించుకుని తెలిసిన మాటలే వాడతారు. "ఐ ఒబ్టెయిన్డ్ ఎ కాఫీ" అంటారు. వ్యాకరణం ప్రకారం ఒప్పే, కానీ కాఫీ కోసం కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నట్టు ఉంటుంది!

గెట్ పక్కన వస్తువు పేరు వస్తే తీసుకోవడం, కొనడం, అందుకోవడం. చోటు పేరు వస్తే చేరుకోవడం. ఇది తొందరగానే వచ్చేస్తుంది.

[స్క్రీన్ మీద: గెట్ టైర్డ్, గెట్ వెట్, గెట్ లాస్ట్]

అసలు చిక్కు ఇక్కడ. ఇటాలియన్‌లో ఇవన్నీ ఒక్కొక్క క్రియ: స్తన్‌కార్సి, బన్యార్సి, పేర్దెర్సి. చివర ఉన్న "సి" అంటే "తనను తాను". దాన్ని మాటకు మాట మార్చేసరికి, దారి తప్పినవాడు "ఐ లాస్ట్ మైసెల్ఫ్" అంటాడు. మనకు ఈ బాధ లేదు. అలసిపోయాను, తడిసిపోయాను, తప్పిపోయాను అంటాం కదా, ఆ "పోవడం" చేసే పనే ఇక్కడ గెట్ చేస్తోంది. నన్నడిగితే గెట్‌ను ఇటాలియన్ కన్నా తెలుగులోంచి చూడటమే తేలిక.

క్షవరం విషయం ఇంకా సరదాగా ఉంటుంది. సెలూన్‌కి వెళ్లొచ్చిన ఇటాలియన్ మామూలుగా "మి సోనో తల్యాతో ఇ కపెల్లి" అంటాడు. నేను జుట్టు కత్తిరించుకున్నాను అని. అదే ఇంగ్లీషులో "ఐ కట్ మై హెయిర్" అంటే, అద్దం ముందు తనే కత్తెర పట్టాడనుకుంటారు. "ఐ గాట్ మై హెయిర్ కట్" అనాలి. మన "చేయించుకున్నాను" ఉందే, అచ్చం అదే. ఇటాలియన్‌లోనూ "ఫార్సి తల్యారే" అనే పద్ధతి ఉంది, రోజువారీ మాటల్లో వదిలేస్తుంటారు. దాన్ని గుర్తు చేయండి చాలు.

బస్సుకి గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారుకి గెట్ ఇన్, గెట్ అవుట్. ఇటాలియన్‌లో రెండింటికీ ఎక్కడమంటే సలీరే, దిగడమంటే షెందెరే. ఇక్కడ బట్టీ తప్ప దారి లేదు.

[స్క్రీన్ మీద: ఐ హావ్ గాట్ ఎ బ్రదర్]

ఇంకొకటి. బ్రిటిష్ ఇంగ్లీషు పాఠాల్లో "హావ్ గాట్" మొదట్లోనే వచ్చేస్తుంది. ఇందులో పొందడం, మారడం ఏమీ లేవు. ఉంది, అంతే. మీ రూమ్‌మేట్ గెట్ అర్థాన్ని ఇందులో వెతుకుతుంటే, ఇది వేరే లెక్క అని ముందే చెప్పేసి, ఆ తర్వాత అలసిపోవడం, తడిసిపోవడం మొదలుపెట్టండి.