సౌలు చేతిలో ఈటె

అయ్యగారికి, సంఘ పెద్దలకు, వెనక బెంచీల్లో కూర్చున్న క్వైరు పిల్లలకు వందనాలు.

విజయనగరంలో నిలబడి సంగీతం గురించి మాట్లాడ్డమంటే కొబ్బరితోటల ఉద్దానం వెళ్లి కొబ్బరికాయలు అమ్మడమే. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల, సుశీల ఇక్కడే చదువుకున్నారు. కాబట్టి స్వరాల జోలికి నేను పోను. పాట విన్నవాడి లోపల ఏం జరుగుతుందో, అది మాట్లాడతాను.

బైబిల్లో మొదటి సమూయేలు 16వ అధ్యాయం మీకు తెలిసిందే. సౌలు రాజుకు మనసు చెదిరినప్పుడల్లా దావీదు సితారా వాయించేవాడు, రాజు నెమ్మదించేవాడు. సంగీతం గొప్పదనం చెప్పమంటే మనం ఇక్కడే ఆగిపోతాం. నాలుగు పేజీలు తిప్పండి. 18వ అధ్యాయంలో అదే దావీదు అదే రాజు ముందు మళ్లీ వాయిస్తున్నాడు. ఈసారి సౌలు ఈటె విసిరాడు. మధ్యలో ఏమైంది? ఇంకో పాట వచ్చిపడింది. దావీదు గొల్యాతు అనే ఫిలిష్తీయుణ్ణి చంపి తిరిగొస్తుంటే ఆడవాళ్లు తంబురలతో ఎదురొచ్చి, సౌలు వేలమందిని కొట్టాడు, దావీదు పదివేలమందిని కొట్టాడు అని పాడారు. ఆ పల్లవి సౌలు చెవిలోంచి పోలేదు. ఎదురుగా ఎంత మంచి వాయిద్యం మోగినా లోపల అదే తిరుగుతోంది. పొద్దున్న ఆటోలో విన్న సినిమాపాట రాత్రిదాకా మన నోట్లో ఆడుతుంది చూడండి, మనం పిలవకపోయినా. సౌలుదీ అదే బాధ. కాకపోతే అందులో అసూయ కలిసింది.

2011లో మాంట్రియల్ పరిశోధకులు ఒకటి చూపించారు. ఒళ్లు జలదరించేంత ఇష్టమైన సంగీతం వింటే మెదడులో డోపమైన్ విడుదలవుతుందట. రుచిగా తిన్నా పనిచేసేది ఆ రసాయనమే. విశ్వాసిగా నాకు దీంతో పేచీ లేదు, మెదడును చేసినవాడు దేవుడే కదా. చిక్కల్లా ఆదివారం నాడు. కీబోర్డు మీద ప్యాడ్ సౌండు పెట్టి, లైట్లు తగ్గించి, ఒకే లైను పదిహేనుసార్లు తిప్పితే కళ్లు చెమరుస్తాయి. నాకూ చెమరుస్తాయి. అది పశ్చాత్తాపమేనా అని ఇంటికెళ్లాక అడుక్కుంటాను. జవాబు ఎప్పుడూ ఒకేలా రాదు. పదహారు వందల ఏళ్ల కిందటే క్రైస్తవ గురువు అగస్టీను తన ఆత్మకథలో, పాడిన మాటకన్నా పాడే గొంతే తనను ఎక్కువగా కదిలిస్తే అది పాపమేనని ఒప్పుకున్నాడు. అలాగని సంఘంలో పాట మానేయమనలేదు. ఆత్మతో పాడతాను, మనసుతోనూ పాడతాను అన్న పౌలు మాటలో ఆ రెండోది మనం తరచూ మింగేస్తుంటాం.

మన పురుషోత్తమ చౌదరిగారిని చూడండి. 1803లో పుట్టి, ఈ ఉత్తరాంధ్ర వైపే తిరిగి, కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. మనం వాటిని చూడకుండానే పేజీ తిప్పేస్తాం. ఆ కీర్తనల్లో మాట నిదానంగా దిగుతుంది, ఆలోచించుకునే వీలుంటుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను అయ్యాక కొంతమందిమి పలాస వైపు బియ్యం, కొవ్వొత్తులు పట్టుకెళ్లాం. ఒక ఊళ్లో సామాన్లు పంచి, ధైర్యం చెబుదామని డోలక్ తీసి హుషారు పాట ఎత్తుకున్నాం. ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఏటి బాబూ, సెట్లన్నీ పడిపోనాయి. కూసేపు ఊరుకోండి" అంది. డోలక్ కింద పెట్టేశాం. దుఃఖంలో ఉన్నవాడి ముందు పాటలు పాడడం చలిరోజున ఒంటిమీద బట్ట లాగేయడమేనని సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో ఉంది. ఎన్నోసార్లు చదివానుగానీ ఆవిడ చెబితేగానీ ఎక్కలేదు. చీకటి పడ్డాక, కరెంటు లేని ఆ అరుగు మీద, ఆవిడే సన్నగా పాత కీర్తన ఒకటి మొదలెట్టింది. అప్పుడు మేం కలిశాం.

ఫిలిప్పీ చెరసాలలోనూ కరెంటు లేదు, మైకు లేదు. వీపులు చీరుకుపోయి, కాళ్లు కదలకుండా కొయ్య బొండలో బిగించి ఉండగా పౌలు, సీల అర్ధరాత్రి పాడారు. మిగతా ఖైదీలు వింటున్నారని అపొస్తలుల కార్యాలు రాసిన లూకా ప్రత్యేకంగా రాశాడు. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, సంకెళ్లు ఊడాయి. ఒక్కడూ పారిపోలేదు. ఎందుకో లూకా చెప్పలేదు. పాట ఇంకా అయిపోలేదేమోనని నా అనుమానం.