గెయిన్ ఎందుకు దిగిరాదు?

మిత్రులారా, 1967 నవంబరు 15న అమెరికాలో ఎక్స్-15 రాకెట్ విమానం 2,66,000 అడుగుల ఎత్తు నుంచి దిగుతూ గిరగిర తిరిగింది. ఆ సుడి నుంచి బయటపడింది కూడా. కానీ ఎమ్‌హెచ్-96 అనే అడాప్టివ్ కంట్రోలర్ (పరిస్థితిని బట్టి తనను తానే సర్దుకునే నియంత్రకం) ఊగిసలాటలో చిక్కుకుంది. గాలి చిక్కబడుతున్నకొద్దీ తగ్గవలసిన గెయిన్, అంటే కొలిచినదాన్ని ఎన్ని రెట్లు చేసి దిద్దుబాటుగా పంపాలో చెప్పే గుణకం, తగ్గలేదు. విమానం ముక్కలైంది, పైలట్ మైకేల్ ఆడమ్స్ మరణించారు. ప్రమాదానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆ కంట్రోలర్ పనిచేసే తీరు కూడా వేరు. అయినా దిగిరాని గెయిన్ అనే జబ్బు మన పాఠ్యపుస్తకాల్లోని అతి చిన్న ఉదాహరణలోనూ ఉంది.

ఒకే స్థితి (మారే రాశి) ఉన్న అస్థిర వ్యవస్థను, అంటే వదిలేస్తే అదుపు తప్పేదాన్ని, తీసుకోండి. ఔట్‌పుట్‌ను గెయిన్‌తో గుణించి, గుర్తు మార్చి ఇన్‌పుట్‌గా ఇస్తాం. గెయిన్ పెరిగే వేగం ఔట్‌పుట్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వర్గం ఎన్నడూ రుణం కాదు కనుక గెయిన్‌కు పెరగడమే తెలుసు. బయటి అలజడి లేకపోతే ఔట్‌పుట్ సున్నాకు చేరి, గెయిన్ ఒకచోట ఆగుతుంది. చిన్నదైనా సరే, స్థిరమైన అలజడి ఒకటి ఉంటే ఆగదు. కాలానికి ఘనమూలం లెక్కన పెరుగుతూనే పోతుంది. అంటే రెట్టింపు కావడానికి ఎనిమిది రెట్ల సమయం కావాలి. పది సెకన్ల సిమ్యులేషన్‌లో ఇది కనబడదు. పైగా ఔట్‌పుట్ తగ్గుతూ ఉంటుంది కనుక గ్రాఫు ముచ్చటగానే ఉంటుంది! కానీ గెయిన్ అలా పెరుగుతూ పోతే, ఆదేశాన్ని కదలికగా మార్చే యాక్చువేటర్ ఆలస్యం, మోడల్‌లో వదిలేసినది, ఏదో ఒకనాడు అడ్డం తిరుగుతుంది. 1980ల తొలినాళ్లలో రోర్స్ బృందం ఈ తరహా ప్రమాదాన్నే ఎత్తిచూపి అడాప్టివ్ కంట్రోల్ రంగాన్ని కుదిపేసింది.

మందులున్నాయి. మద్రాసులో చదివి యేల్‌లో బోధించిన కుంపటి నరేంద్ర, పీటర్సన్‌తో కలిసి 1982లో డెడ్‌జోన్ పద్ధతిని విశ్లేషించారు: ఎర్రర్ (కోరినదానికీ వచ్చినదానికీ తేడా) అలజడి స్థాయిలోనే ఉంటే నేర్చుకోవడం ఆపేయాలి. దీనికి అలజడి గరిష్ఠ పరిమాణం ముందే తెలియాలి. అయొన్ను, కొకొటోవిచ్‌ల సిగ్మా పద్ధతికి ఆ అవసరం లేదు, గెయిన్‌ను కొద్దికొద్దిగా కారిపోనిస్తుంది. కాని అలజడి బాగా సద్దుమణిగితే గెయిన్ మరీ తగ్గిపోయి, ఔట్‌పుట్ ఒక్కసారిగా ఎగిరిపడవచ్చు.

నేనైతే మొదట, స్థిరమైన అలజడిని రద్దు చేయడానికి ఇంటిగ్రేటర్ (ఎర్రర్‌ను కూడబెట్టి దిద్దేది) పెడతాను. మిగిలిన అలజడిని కొలవగలిగితే డెడ్‌జోన్, లేకపోతే సిగ్మా. ఏది వాడినా గెయిన్‌కు పైహద్దు తప్పదు. యాక్చువేటర్ ఆలస్యాన్ని యంత్రం మీదే కొలిచి ఆ హద్దు పెట్టండి.