స్థలం కాకముందు అది ఏమిటి?

సభకు నమస్కారం. సొంత ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబాలు స్థలాన్ని ఎలా చూసుకోవాలో నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు. సర్వే శాఖలో గొలుసు పట్టుకున్న రోజు నుంచి పదవీ విరమణ దాకా తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు చుట్టుపక్కల పొలాల గట్ల మీదే నా ఉద్యోగం గడిచింది. కాబట్టి ఏ వైపు ధరలు పెరుగుతాయి, ఏ రోడ్డుకు ఎప్పుడు గిరాకీ వస్తుంది అని నన్ను అడగకండి. ఆ విద్య నాకు రాదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఈ రోజు మీకు చూపించే స్థలం ప్లాటు కాకముందు మరేదో అయి ఉంటుంది. ఎవరిదో వరి కయ్య కావచ్చు, కుంట నిండితే నీళ్లు పారే దోవ కావచ్చు, ఎవరి తాతకో ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా కావచ్చు, నలుగురు అన్నదమ్ములూ ముగ్గురు అక్కచెల్లెళ్లూ ఇంకా పంచుకోని సొత్తు కావచ్చు. ఎర్రమట్టి తోలి, రాళ్లు పాతి, వాటికి సున్నం కొట్టి, ముందర ఒక కమాను నిలబెట్టగానే ఆ పాత సంగతంతా కంటికి కనబడకుండా పోతుంది. పోవడం మాత్రం ఎక్కడికీ పోదు.

ముందు నీటి సంగతి చెబుతాను, ఎందుకంటే కాగితంలో తప్పుంటే వకీలు దగ్గరకు వెళ్లవచ్చు గానీ నీటి మీద దావా వేయలేము. తిరుపతి వాలు గుర్తుంచుకోవడం తేలిక: ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి. శేషాచలం మీద కురిసిన వాన కపిలతీర్థం దగ్గర, మాల్వాడిగుండం దగ్గర, ఇంకా పేరు లేని ఎన్నో వంకల గుండా కిందికి దిగి, దారిలో ఉన్న చెరువులనూ కుంటలనూ ఒకదాని వెంట ఒకటి నింపి, మొరవ పోయి, చివరకు నదిలో కలిసేది. కొర్లగుంట, తుమ్మలగుంట, రేణిగుంట అని రోజూ పలుకుతూనే ఉంటాము; ఆ పేర్ల చివరి మాట ఏం చెబుతోందో ఒక్కసారైనా ఆలోచించము.

వాస్తు గురించి అడుగుతారని తెలుసు కనుక ఇక్కడే చెప్పేస్తాను. ఉత్తరమూ తూర్పూ పల్లంగా, దక్షిణమూ పడమరా మెరకగా ఉండాలంటారు. ఉత్తరాన ఏడుకొండలు నిలబడి ఉన్న ఊళ్లో ఆ నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే స్వామి పాదాల కింద ఎవరూ కాపురం పెట్టలేరు. ఎవరి నమ్మకం వారిది. ఈశాన్యం మూల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా, వాన నీరు ఏ మూల నుంచి వచ్చి ఏ మూలకు పోతుందన్న దాని మీద పెట్టమని మాత్రం అడుగుతాను.

2021 నవంబరు వానలు ఈ సభలో ఉన్న వారందరికీ గుర్తే. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లోనే ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణానగర్‌లో, ఒక ఇంటి ఆవరణలో భూమిలోకి దించిన సిమెంటు వరల సంపు, శుభ్రం చేస్తుండగా, తనంతట తానే పైకి లేచి స్తంభంలా నిలబడింది. జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. నిజానికి అందులో వింత ఏమీ లేదు. ఖాళీ బిందెను నీళ్ల తొట్టిలో అదిమి వదిలితే పైకి తన్నుకొస్తుంది కదా. చుట్టూ ఉన్న నేల నీళ్లు తాగి తాగి ఊబిలా అయిపోయినప్పుడు, లోపల ఖాళీగా ఉన్న సంపు కూడా అదే పని చేసింది. ఆ నేల కింద ఎంత నీరు చేరిందో చూపించిన కొలబద్ద అది.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మనం స్థలాలు చూసేదేమో పిల్లలకు బడి సెలవులున్న ఏప్రిల్, మే నెలల్లో. నేల ఎండి, బండి నేరుగా రాయి దాకా వెళ్లే కాలంలో ఏ పల్లమైనా మిట్టలాగే కనిపిస్తుంది. నేనూ అలాగే మోసపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, రేణిగుంట రోడ్డుకు కాస్త లోపలగా, మే నెలలో ఒక స్థలం కొన్నాను. అక్కడ మేకలు తోలుకుంటున్న ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, ‘సామీ, ఈడంతా నీళ్లు తొక్కే జాగా, మీకు ఎవురూ చెప్పలేదా?’ అన్నాడు. పటాలు చదవడం వచ్చిన వాడిని, మేకల కాపరి మాట వింటానా? నవ్వి ఊరుకున్నాను. నవంబరులో వెళ్లి చూస్తే మోకాటి లోతు నీళ్లలో నాలుగు రాళ్ల తలలు మాత్రం కనిపిస్తున్నాయి, ఈశాన్యం రాయి మీద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. తర్వాత దాన్ని అమ్మాను గానీ, కొనే వారికి ఈ సంగతంతా చెప్పి, వాళ్లు అడిగిన ధరకే ఇచ్చాను.

ఎండాకాలంలో చూడక తప్పకపోతే నేల ఇచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి. తుంగ, జమ్ము మొలిచిన ఆనవాళ్లుంటే అక్కడ నీరు చాలా రోజులు నిలుస్తుంది. పక్కన కట్టిన ఇళ్ల ప్రహరీల మీద మట్టి రంగు చార ఎంత ఎత్తున ఉందో చూడండి. వీధిలో పాత ఇళ్ల కన్నా కొత్త ఇళ్ల గడపలు మూడు నాలుగు మెట్లు ఎత్తుకు పోయి ఉంటే, ఆ మెట్లు ఊరికే కట్టి ఉండరు. అన్నిటికన్నా నమ్మదగింది గుంత. బయానా ఇచ్చే ముందే, అమ్మేవారి అనుమతితో, స్థలం మధ్యలో ఒక కూలీ చేత అయిదడుగుల గుంత తీయించండి. పైన రెండడుగుల ఎర్రమట్టి, దాని కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, ఆ కింద నల్లని బంకమట్టి వచ్చిందంటే అది పూడ్చిన గుంటే. అక్కడ ఇల్లు కట్టలేమని కాదు. పునాది గట్టి నేల దాకా దిగాలి, ఆ ఖర్చు స్థలం ధరలో కలిపి లెక్కవేసుకోవాలి. ఒక పూట కూలీకి భయపడి లక్షల బేరానికి తలూపడం ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఇక కొలతలు. తిరుపతిలో స్థలం బేరం అంకణాల్లో జరుగుతుంది. మన దగ్గర అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అదే మాటకు 72 చదరపు అడుగులు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, నాయుడుపేట మన జిల్లాలోకి వచ్చాయి కనుక, ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలున్నాయి. అటు వైపు కొనేవారు అంకణం ధర వినగానే అది ఏ అంకణమో అడగాలి. సెంటు అంటే ఎక్కడైనా 435.6 చదరపు అడుగులే, అంటే 48.4 గజాలు. దస్తావేజులో ఏ లెక్క రాసినా, పక్కనే నాలుగు వైపుల పొడవులూ అడుగుల్లో రాయించుకోండి.

మా బావమరిది ఒక స్థలం చూశాడు. 33 అడుగుల వెడల్పు, 55 అడుగుల లోతు, యాభై అంకణాలు అన్నారు. ముందు వైపు టేపు పట్టాము, సరిగ్గా 33 వచ్చింది. బ్రోకరు టేపు చుట్టేయబోయాడు. నేను వెనక వైపు కూడా పట్టమన్నాను. అక్కడ తుమ్మచెట్టు అడ్డం, ముళ్లు, ఎండ. ఎవరికీ అటు వెళ్లాలని లేదు. వెళ్లి కొలిస్తే 30 అడుగులే ఉంది. సరాసరి 31.5 అడుగులను 55తో హెచ్చవేస్తే 1732.5 చదరపు అడుగులు, అంటే నలభై ఎనిమిది అంకణాలు మాత్రమే. చెప్పిన దానికి రెండు అంకణాలు తక్కువ. ఆ రెండు అంకణాల డబ్బు తగ్గించుకున్నాకే బయానా ఇచ్చాము. నాలుగు వైపులూ సరిపోయినా అంతటితో ఆగకండి, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. 33కు 55 స్థలం నాలుగు మూలలూ మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ 64 అడుగుల ఒకటిముప్పావు అంగుళం దగ్గర రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే స్థలం పక్కకు వాలి ఉందని అర్థం, గదులు గీసేటప్పుడు ఆ వంకర బయటపడుతుంది.

మన తాలూకా పాత పటాల్లో కొలతలు అడుగుల్లో ఉండవు, లింకుల్లో ఉంటాయి. మేము లాగిన గొలుసు పొడవు 66 అడుగులు, అందులో నూరు లింకులు. వంద లింకులకు వంద లింకులైతే పది సెంట్లు, 33 అడుగులంటే సరిగ్గా సగం గొలుసు. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో బొమ్మ ఉండే ఎఫ్ఎంబీ నకలు తీసుకుని, లేఅవుట్ పటాన్ని దాని పక్కన పెట్టి చూడండి. ఎఫ్ఎంబీలో జంట గీతలతో వంకో, బండి బాటో పోతూ ఉండి, అదే చోట లేఅవుట్ పటంలో ప్లాటు నంబరు కనిపిస్తే, ఇక ఆ ప్లాటు గురించి మాట్లాడవలసింది ఏమీ లేదు. ఆర్‌ఎస్‌ఆర్ అనే, ప్రతి సర్వే నంబరు వివరమూ రాసిన పాత రిజిస్టరులో ఆ నంబరు ఎదుట చెరువు పోరంబోకు అనో, వాగు పోరంబోకు అనో, అంటే ఎవరికీ పట్టా కాని ప్రభుత్వ నేల అని ఉన్నా అంతే. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, పన్ను రసీదు ఉంది అని చూపిస్తారు. వాటిలో ఏదీ పోరంబోకును పట్టాగా మార్చదు. గ్రామ చెరువు నేలలో కట్టిన ఇళ్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేయడానికి వీల్లేదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

హక్కు కాగితాల విషయంలో ఒక అపోహ ఉంది. రిజిస్టరయితే భూమి మనదైపోయినట్టే అనుకుంటారు. సబ్‌రిజిస్ట్రారు నమోదు చేసేది మీ ఇద్దరి మధ్య జరిగిన లావాదేవీనే. అమ్మినవాడికి హక్కుందని ప్రభుత్వం పూచీ పడదు. హక్కుకు పూచీ ఇస్తామంటూ మన రాష్ట్రంలో వచ్చిన భూహక్కు చట్టం 2024లో రద్దయింది కనుక, పాత పద్ధతిలో, భూమి చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న లింకు దస్తావేజులు ఒక్కొక్కటే వెనక్కి చదువుకుంటూ పోవడమే మనకు గతి. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, 1983 నుంచి వస్తుంది. అంతకు ముందుది కావాలంటే కార్యాలయానికి వెళ్లి పాత సంపుటాలు వెతికించుకోవాలి, విసుక్కోకుండా వెతికించుకోండి. కార్వేటినగరం వంటి జమీందారీల కింద ఉండిన గ్రామాల్లో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటులో ఎవరికి పట్టా వచ్చిందో కూడా చూసుకోవాలి.

అమ్మేది పిత్రార్జితమైతే ఆడబిడ్డల సంతకాలు అడగండి. ‘మా అక్కలకు పెళ్లిలో అన్నీ ఇచ్చేశాం’ అన్న మాట ప్రతి బేరంలోనూ వింటాము. చట్టం ఆ మాట వినదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా మన రాష్ట్రంలో 1985లోనే, అప్పటికి పెళ్లికాని వారికి వచ్చింది. దేశమంతటా 2005లో పెళ్లయిన వారికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు కదలవు, అందుకని పంపకం పత్రం తేదీ చూడటం ముఖ్యం. బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న చెల్లెలిని పిలిపించడానికి అమ్మేవారు మొహమాటపడితే, ఆ మొహమాటం తీరేదాకా మీ డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి.

డీకేటీ భూమి అన్న మాట వినబడితే ఆగిపోవాలి. ఇలా ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు నిండిన వాటికి 2023లో కొంత సడలింపు వచ్చినా, అమ్మేవారి నోటి మాట కాకుండా సబ్‌రిజిస్ట్రారు దగ్గర, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూసుకోండి. మఠాల, దేవాలయాల భూములున్న మన ఊళ్లో ఈ జాబితా చూడకుండా అడుగు వేయకూడదు. రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు లేకుండా ఒట్టి పవర్ ఆఫ్ అటార్నీ మీద ‘అమ్మకం’ అంటే అది అమ్మకమే కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే తీర్పు వచ్చింది. అయినా ఇంకా అలా కొంటున్నారు.

లేఅవుట్ల గురించి అందరికీ తెలిసిందే కనుక త్వరగా ముగిస్తాను. పట్టణాభివృద్ధి సంస్థ తుడా అనుమతిస్తూ ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అయిదు వందల చదరపు మీటర్లు దాటితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా దగ్గర నమోదు, ఈ రెండూ కాగితం మీద చూడాలి. లేఅవుట్ పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తుడా పేర తనఖాలో ఉంటాయి, ఆ నంబర్లు అడిగి రాసుకోండి. పార్కు కోసం వదిలిన జాగా గిఫ్టు డీడు అయిందో లేదో చూడండి, లేకపోతే కొన్నేళ్లకు మీ పార్కు ఇంకొకరి ఇల్లవుతుంది.

మా బావమరిది ఆ నలభై ఎనిమిది అంకణాల్లోనే ఇల్లు కట్టాడు. వెనక వైపు మూడడుగులు తగ్గిన చోట వంటగది పడింది, మా చెల్లెలు దాని గురించి ఇప్పటికీ నన్నే అంటుంది. 2021లో వాళ్ల వీధిలో నీళ్లు పారాయి గానీ గడప దాటలేదు.

మీలో కొందరు పటాలు, ఈసీలు వెంట తెచ్చుకున్నారని నిర్వాహకులు చెప్పారు. బల్ల మీద లింకుల స్కేలు, భూతద్దం పెట్టుకుని కూర్చుంటాను. ఎఫ్ఎంబీ నకలు ఉన్నవారు ముందు రండి.