శేషాచలం అడవికి ఎరువు ఎవరు వేస్తున్నారు?

అందరికీ నమస్కారం. తలకోన దారిలో అడవి అంచున ఉన్నాను. మన వైపు మామిడి తోటకు ఏటా పశువుల ఎరువు తోలతాం, డీఏపీ వేస్తాం. ఈ శేషాచలం కొండలకు ఎవరూ ఒక్క తట్ట ఎరువు కూడా మోసింది లేదు. పైగా ఇక్కడ ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైట్ రాయి. అరిగినా పెద్దగా సారం ఇవ్వదు. మరి ఇన్ని చెట్లు దేని మీద బతుకుతున్నాయి?

కెమెరా కిందికి దించుతాను, చూడండి. పైన ఎండుటాకులు. ఒక పొర తీస్తే చెమ్మగా, నల్లగా, ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు. ఇంకాస్త తీస్తే తెల్లటి దారాలు కనిపిస్తున్నాయా? అవి వేర్లు కాదు, శిలీంధ్రాలు. చెదలు, రోకలిబండలు ఆకును కొరికి ముక్కలు చేస్తే, శిలీంధ్రాలు, బాక్టీరియా కలిసి దాన్ని కుళ్లబెట్టి నత్రజని, భాస్వరం మట్టికి వదులుతాయి. ఆకులో గట్టిగా ఉండే లిగ్నిన్‌ను విడగొట్టడంలో శిలీంధ్రాలదే పైచేయి. వేర్లను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రాలు వేరే ఉన్నాయి. అవి వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం తెచ్చి చెట్టుకిస్తాయి, బదులుగా చెట్టు నుంచి చక్కెర తీసుకుంటాయి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ పండుటాకు. రాలకముందే చెట్టు ఇందులోని నత్రజని, భాస్వరాల్లో దాదాపు సగం కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. పచ్చదనం విరిగిపోయి ఆకు పసుపెక్కడం అందులో భాగమే. అంటే నేల మీద పడేది మిగిలిన సగమే!

కొత్త సరుకు కూడా వస్తుంది. రాయి మెల్లగా అరిగి భాస్వరం, పొటాషియం ఇస్తుంది. నత్రజని గాలి నుంచి రావాలి. అదిగో, మన ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. కంది, చిక్కుడుల కుటుంబమే. దీని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది.

ఎండాకాలం ఇక్కడ నిప్పు పడితే? "బూడిద కూడా ఎరువే కదా" అంటారు. సగమే నిజం. పొటాషియం, కాల్షియం బూడిదలో మిగులుతాయి, నత్రజని మాత్రం చాలావరకు పొగతో పోతుంది. ఈ వాలులో ఒక్క గట్టివాన పడితే ఆ బూడిద కూడా వాగులోకి కొట్టుకుపోతుంది. దయచేసి అడవిలో బీడీ, సిగరెట్ ముక్క పడేయకండి.

తీసిన ఆకుల్ని మళ్లీ ఇలా కప్పేస్తున్నాను. ఎండ తగిలితే ఆ తెల్ల దారాలు ఎండిపోతాయి.