ఆస్ట్రేలియా కరువు, అనంతపురం కరువు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈరోజు నేలలో తేమ, కరువు గురించి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మెట్ట సేద్యం మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ కళ్యాణదుర్గం నుంచి. చెప్పండి అన్నా.

కళ్యాణదుర్గం రైతు: నమస్తే మేడం, నమస్తే సార్. మా పిల్లోడు ఆస్ట్రేలియాలో ఉంటాడు, విక్టోరియా రాష్ట్రంలో. అక్కడ మల్లీ అనే ప్రాంతంలో ఏడాదికి 300 మిల్లీమీటర్ల వానతోనే గోధుమ పండిస్తారంట. మాకు 550 దాకా పడుతుంది కదా సార్. అయినా చెనిక్కాయ పంట సరిగ్గా చేతికొచ్చే ఏడు తక్కువ. మేం చేసే సేద్యంలోనే తప్పుందా?

శాస్త్రవేత్త: మీ సేద్యంలో తప్పు లేదన్నా. వాళ్లకు వాన ఎక్కువగా చలికాలంలో పడుతుంది. ఏప్రిల్ ఆఖరులో, మే నెలలో విత్తి నవంబర్, డిసెంబర్‌లో కోస్తారు. జూన్, జూలై అక్కడ చలి నెలలు. ఆ రోజుల్లో నేల నుంచి ఆవిరయ్యేది చాలా తక్కువ కాబట్టి పడిన వాన వేరు దగ్గరే నిలుస్తుంది. మీకు జూలైలో ఎండ ఉంటుంది, పైగా ఆ గాలి ఎలా వీస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఆవిరైపోయేది అక్కడికంటే చాలా ఎక్కువ. ఇంకోటి, మీ ఎర్ర నేల ఎంత లోతు?

కళ్యాణదుర్గం రైతు: అడుగు, అడుగున్నర. ఆ కింద గరుసే సార్.

శాస్త్రవేత్త: అదే అసలు సంగతి. ఆ అడుగున్నరలో పట్టే నీళ్లు వేరుశనగకు పది, పన్నెండు రోజులు వస్తాయి. ఊడలు దిగే టైంలో, అంటే కాయ కట్టడానికి పూత నుంచి వచ్చే కాడలు మట్టిలోకి దిగేటప్పుడు, మూడు వారాలు బెట్ట పడితే ఏడాది మొత్తం మీద వాన సగటుకు వచ్చినా మీకు మిగిలేది కట్టె. ఏడాది లెక్కలో అది కరువుగా కనిపించదు. నాకు బాధ కలిగించేది ఇదే.

కళ్యాణదుర్గం రైతు: అయితే వాళ్లకు కరువే రాదంటారా?

శాస్త్రవేత్త: రాకేం, వచ్చిందంటే ఏళ్ల తరబడి వదలదు. 1997 నుంచి 2009 దాకా ఆగ్నేయ ఆస్ట్రేలియాలో సాగిన కరువును వాళ్లు మిలీనియం కరువు అంటారు. ముర్రే-డార్లింగ్ నదుల కింద 2008 నాటికి వరి దాదాపు లేకుండా పోయింది. మనకు 2002, 2009 లాంటివి ఒక సీజన్‌లో విరుచుకుపడేవి. 2009లో దేశం మొత్తం మీద నైరుతి వాన 22 శాతం తగ్గింది. ఇంకా చూడండి, అక్కడ పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నది నూటికి ఇద్దరు ముగ్గురు, మన దేశంలో దాదాపు 45 మంది. అదే స్థాయి కరువు వచ్చినా దెబ్బ తగిలే ఇళ్లు ఇక్కడ ఎన్ని రెట్లో ఆలోచించండి.

యాంకర్: తర్వాతి కాల్ తిరుపతి నుంచి, అగ్రికల్చర్ ఎమ్మెస్సీ విద్యార్థిని. చెప్పమ్మా.

విద్యార్థిని: సార్, నా ప్రాజెక్టులో ఈ రెండు దేశాల కరువునే పోలుస్తున్నాను. శాటిలైట్ డేటాలో నేల తేమ సగటు ఆస్ట్రేలియాకు బాగా తక్కువగా వస్తోంది. కరువు తాకిడి వాళ్లకే ఎక్కువ అని రాయొచ్చా?

శాస్త్రవేత్త: రాయొద్దమ్మా. ఆ సగటులో మనిషి అడుగుపెట్టని ఎడారి ఎంత కలిసిందో చూశావా? మన సగటులో మేఘాలయ కూడా ఉంది. ముందు రెండు దేశాల్లోనూ సాగు భూమిని విడదీసి, దాని లెక్కే తియ్యి. తర్వాత, తేమ శాతాన్ని నేరుగా పోల్చకూడదు. నల్లరేగడిలో 20 శాతం తేమ ఉన్నా మొక్క వాడిపోవచ్చు, ఎందుకంటే బంకమన్ను ఆ నీటిని వదలదు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలో అదే 20 శాతం అంటే మంచి పదును.

విద్యార్థిని: మరి ఏది పోల్చాలి సార్?

శాస్త్రవేత్త: ప్రతి చోటునూ దాని పాత సగటుతోనే పోల్చు. ఎస్‌పీఐ, అంటే ప్రామాణిక వర్షపాత సూచిక, వాన విషయంలో చేసేది అదే. అనంతపురానికి అనంతపురం చరిత్రే కొలత. దీర్ఘకాలం అంటున్నావు కాబట్టి 12 నెలల ఎస్‌పీఐ తీసుకో, రెండు దేశాలకూ ఒకే ముప్పై ఏళ్లు ఆధారంగా పెట్టు. దాని పక్కనే పైరు ఉన్న నెలలకు మూడు నెలల ఎస్‌పీఐ కూడా పెట్టాలి. ఇందాక కళ్యాణదుర్గం అన్నకు చెప్పిన బెట్ట 12 నెలల లెక్కలో మునిగిపోతుంది. నువ్వు వాడుతున్నది ఏ శాటిలైట్?

విద్యార్థిని: స్మాప్ సార్, నేల తేమను కొలిచే నాసా శాటిలైట్.

శాస్త్రవేత్త: అది 2015లో వెళ్లింది. దీర్ఘకాలానికి అదొక్కటే చాలదు. పైగా అది నేరుగా కొలిచేది పైన ఐదు సెంటీమీటర్లే. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ వాళ్లు మీటరు లోతు దాకా మోడల్‌తో లెక్కగట్టి ఇస్తారు. అక్కడ మీటరు లోతు, ఇక్కడ ఐదు సెంటీమీటర్లు పెట్టి పోలిస్తే గ్రాఫ్ ఎంత అందంగా వచ్చినా తప్పే. ఇంకో మాట, 2002నూ 2019నూ పక్కపక్కన పెట్టి చూడు. 2002లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం, రెండు దేశాలనూ ఎండగట్టింది. 2019లో హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కింది. ఆస్ట్రేలియాకు అది రికార్డుల్లోనే అత్యంత పొడి ఏడాది. మనకు నైరుతి వాన 110 శాతం పడింది. రెండు కరువులూ ఎప్పుడు కలిసి వస్తాయి, ఎప్పుడు విడిపోతాయి అన్నది నీ ప్రాజెక్టులో రావాలి.

యాంకర్: ఆలూరు నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. మాట్లాడండమ్మా.

ఆలూరు మహిళా రైతు: మాది నల్లరేగడి సార్, పప్పుశనగ వేస్తాం. ఫోన్‌లో తేమ చూపించే మ్యాప్ నమ్మి విత్తనం వెయ్యొచ్చా?

శాస్త్రవేత్త: మ్యాప్ మీ మండలం సంగతి చెబుతుంది తల్లీ, మీ చేను సంగతి చెప్పదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లోనూ మీలాంటి నల్ల నేలలున్నాయి. వాళ్లూ శనగ వేస్తారు, మన దేశానికి అమ్ముతారు కూడా. వాన పడిన వారానికి ఒక ఇనుప కడ్డీని చేలో గుచ్చుకుంటూ పోతారు. తడి ఉన్నంత వరకు దిగుతుంది, పొడి మన్ను తగిలితే ఆగుతుంది. దిగిన లోతును బట్టి విత్తాలా, ఆగాలా అని చూసుకుంటారు.

ఆలూరు మహిళా రైతు: మేమూ చేయొచ్చా సార్?

శాస్త్రవేత్త: భేషుగ్గా. మీటరు పొడవు కడ్డీ తీసుకోండి, కొన కాస్త లావుగా ఉండేలా చేయించండి. నెర్రె పక్కన గుచ్చకండి, అక్కడ ఊరికే దిగిపోతుంది. చేలో పది చోట్ల చూడండి. రెండడుగుల పైన దిగితే పంటకు నిల్వ ఉన్నట్టే. అడుగులోపే ఆగుతుంటే ఇంకో వాన దాకా విత్తనం సంచి విప్పొద్దు.

ఆలూరు మహిళా రైతు: అట్లనే సార్. అక్టోబర్‌లో చూసి మళ్లీ ఫోన్ చేస్తా.