పీఆర్వో చెప్పని లెక్క: పదో తరగతి తర్వాత చదువు ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

[టేబుల్ మీద ఒక విజిటింగ్ కార్డు, రంగురంగుల బ్రోచర్, బాల్ పెన్ను]

నమస్తే. ఈ కార్డు మొన్న సంక్రాంతికి మా చెల్లి వాళ్లింటికి వెళ్లినప్పుడు టీవీ పక్కన కనిపించింది. మా మేనకోడలు పదో తరగతి చదువుతోంది. పరీక్షలకు ఇంకా రెండు నెలలు టైముంది. ఆ పిల్ల సిలబస్ పూర్తి చేసిందో లేదో గానీ, ఒక ఇంటర్ కాలేజీ పీఆర్వో, అంటే అడ్మిషన్ల కోసం ఇళ్లు తిరిగే మనిషి, మాత్రం అప్పటికే మూడుసార్లు ఇంటికి వచ్చి వెళ్లాడు.

"మేడం, హాస్టల్‌తో కలిపి రెండేళ్లకు మూడు లక్షలు. ఈ నెల ఐదు వేలు కట్టి సీటు బుక్ చేసుకుంటే నలభై వేలు కన్సెషన్. వచ్చే నెల ఈ రేటు ఉండదు."

నలభై వేలంటే మాటలా? మా చెల్లి దాదాపు ఒప్పేసుకుంది. బావ ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తాడు. చీటీ పాడి కొంత, మిగతాది బయట వడ్డీకి తెచ్చి కడదామని ఆయన ఆలోచన. నేను ఆ బ్రోచర్‌ని వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్నచోట లెక్క వేశాను. ఈ రోజు వీడియో ఆ లెక్కే.

[బ్రోచర్ వెనకవైపు, పెన్నుతో రాసిన అంకెలు]

బావ తేవాలనుకున్నది రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకు నాలుగు వేలు. పది నెలలకు నలభై వేలు. అంటే ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాయకముందే పీఆర్వో ఇచ్చిన కన్సెషన్ మొత్తం వడ్డీవ్యాపారి జేబులోకి పోతుంది. రెండు రూపాయల వడ్డీ అనగానే మనకు చిన్నగా వినిపిస్తుంది గానీ, ఏడాదికి చూస్తే అది 24 శాతం. బ్యాంకు పది శాతానికి ఇచ్చే అప్పు మన భాషలో చెప్పాలంటే ఎనభై మూడు పైసల వడ్డీ.

పైగా ఆ మూడు లక్షల్లో యూనిఫాం లేదు, మెటీరియల్ లేదు, లాండ్రీ లేదు, ఔటింగ్‌కి వచ్చినప్పుడల్లా అయ్యే బస్సు చార్జీలు లేవు. ఇవన్నీ అడిగితే "అవి చిన్నవే సార్" అన్నాడట. చిన్నవైతే రాసి ఇవ్వమనండి, రాయడు.

అందుకే ఫీజు గురించి బేరమాడటం కంటే ముందు, అసలు ఆ దారిలోనే వెళ్లాలా అన్నది చూద్దాం.

[స్క్రీన్ మీద: 2 + 4 = 6, 3 + 3 = 6]

ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. మొత్తం ఆరు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే డిప్లొమా మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరతారు, ఇంకో మూడేళ్లు. మొత్తం మళ్లీ ఆరే. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ప్రైవేటు ఇంటర్ ఫీజు పక్కన పెట్టి చూస్తే లెక్కలోకే రాదు. ఇంకో సుఖం కూడా ఉంది. మూడేళ్లయ్యాక ఇంట్లో పరిస్థితి బాగాలేకపోతే చేతిలో డిప్లొమా ఉంటుంది, ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇంటర్ ఒక్కదానితో ఏం ఉద్యోగం వస్తుందో మీకు తెలియంది కాదు. కానీ "డిప్లొమానా?" అని మూతి విరిచే బంధువులు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. మన పిల్లల ఫీజు వాళ్లు కట్టరు కదా.

రెండోది, పల్లెటూరి గవర్నమెంటు స్కూళ్ల పిల్లల కోసమే పెట్టినట్టున్న ట్రిపుల్ ఐటీలు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలయ్యాయి. పదో తరగతి మార్కుల మీద సీటు వస్తుంది, ఆరేళ్లు అక్కడే ఉండి బీటెక్‌తో బయటికి వస్తారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు మెరిట్ లెక్కలో కొంత స్కోరు అదనంగా కలుపుతారు. ఆ అదనపు స్కోరుతో జాబితాలోకి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు.

గురుకుల జూనియర్ కాలేజీలకు వేరే ప్రవేశ పరీక్షలున్నాయి. చదువు, హాస్టల్ అన్నీ ఉచితం. సర్కారు జూనియర్ కాలేజీ సంగతి సరే సరి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. అయితే అన్ని కాలేజీలూ ఒకేలా ఉండవు. వెళ్లి చూడండి, ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నారా అని అడగండి. పోస్టు ఖాళీగా ఉందంటే ఉచితమైనా నేను పంపను.

కార్పొరేట్ కాలేజీ దండగ అని నేను అనడం లేదు. బేస్ గట్టిగా ఉండి ఐఐటీకి గురిపెట్టిన పిల్లలకు అక్కడి పై సెక్షన్లలో మంచి చదువే దొరకొచ్చు. కానీ బ్రోచర్ మీద ఉన్న ర్యాంకులన్నీ ఆ సెక్షన్‌వే. మన పిల్లని ఏ సెక్షన్‌లో వేస్తారో సీటు బుక్ చేసేటప్పుడు అడగండి.

[పాత ప్లాస్టిక్ కవర్, అందులో నుంచి కాగితాలు ఒక్కొక్కటిగా తీస్తూ]

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి.

ఈ పిల్ల అన్న, మా మేనల్లుడు, ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ రాశాడు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లల కోసం కేంద్రం పెట్టిన స్కాలర్‌షిప్ పరీక్ష. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్లకు 48 వేలు. వాడు సెలెక్ట్ అయ్యాడు. మిఠాయిలు పంచాం. మొదటి ఏడాది డబ్బు పడింది. రెండో ఏడాది పడలేదు. ఎందుకంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలని మాకెవరికీ తెలియదు. మూడో ఏడాది తెలిసి కూర్చుంటే, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో ఇంటిపేరు చివర. రెండూ కలవలేదు. అది సరిచేయించేలోపు గడువు పోయింది.

పీఆర్వో ఇస్తానన్న నలభై వేల కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించాం. పరీక్ష రాసి గెలుచుకున్న 48 వేలలో సగం ఒక్క పేరు తేడా వల్ల, ఒక్క తారీఖు వల్ల పోగొట్టుకున్నాం.

అందుకే ఈ కవర్. పదో తరగతి పరీక్షలయ్యాక మే నెలకల్లా ఇందులో ఉండాల్సినవి: ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు, పిల్లల పేరు మీదే ఉన్న బ్యాంకు పాస్‌బుక్. ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. ఆదాయం సర్టిఫికెట్ జూన్‌లో అందరూ ఒక్కసారే అడుగుతారు, మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఏప్రిల్‌లోనే పెట్టండి. ఈ కాగితాల్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. పది నిమిషాల పని.

[స్క్రీన్ మీద: కన్వీనర్ 70, మేనేజ్‌మెంట్ 30]

ఇక బీటెక్. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో వందకు డెబ్బై సీట్లు కన్వీనర్ కోటా, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చేవి. ముప్పై మేనేజ్‌మెంట్‌వి, వీటినే బీ కేటగిరీ అంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే సర్కారు కట్టే ఫీజు, కన్వీనర్ సీటుకే. "సీఎస్ఈ కావాలంటే బీ కేటగిరీలో చేరిపోండి" అని కాలేజీవాళ్లు చెబితే, అదే కాలేజీలో కన్వీనర్ కోటాలో ఈసీఈ వస్తుందేమో చూడండి. బ్రాంచి మోజుకు కట్టే జరిమానా కొన్నిసార్లు పొలం అమ్మేంత ఉంటుంది.

ఒక చిక్కుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు పది వేల లోపు ఉంటే మొత్తం ఫీజు వస్తుంది. దాటితే మామూలుగా ఏడాదికి 35 వేలే. ఇప్పుడు ఫీజు లక్షా అరవై వేలున్న కాలేజీ అనుకుందాం. ఏటా లక్షా పాతిక వేలు మన చేతి నుంచే. నాలుగేళ్లకు ఐదు లక్షలు. "రీయింబర్స్‌మెంట్ ఉందిగా" అనుకుని ఆప్షన్లు పెట్టుకునేవాళ్లు ఈ ఐదు లక్షల్ని ఆగస్టులో చూసి బిత్తరపోతారు. ఆప్షన్లు పెట్టేటప్పుడే కాలేజీ పేరు పక్కన ఫీజు రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు వేరు, జ్ఞానభూమి పోర్టల్‌లో చూసుకోవాలి.

సర్కారు బకాయిలు పెడితే కాలేజీలు ముందు మిమ్మల్నే కట్టమంటాయి. ఇది ఏళ్లుగా పేపర్లలో చూస్తున్నదే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. అయినా అడుగుతారు. ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో రాయించుకుని, సంతకం, స్టాంపు వేయించుకోండి.

[క్యాలికులేటర్]

ఆ ఐదు లక్షలకు అప్పే దిక్కయితే బ్యాంకుకే వెళ్లండి. ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా విద్యారుణం ఇచ్చే పద్ధతి ఉంది. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద, జాబితాలో ఉన్న మంచి సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే పూచీకత్తు కూడా అక్కర్లేదు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏదీ రాకపోతే, పది లక్షల వరకు అప్పుపై చదువు కాలంలో, ఆ తర్వాత ఏడాది వరకు వడ్డీలో మూడు శాతం రాయితీ. మేనేజ్‌మెంట్ సీటుకు ఇదీ వర్తించదు.

"చదువయ్యాక కడితే చాలు" అని బ్యాంకులో చెప్పే మాట నిజమే, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఏటా లక్షా పాతిక వేల చొప్పున తీసుకుంటే, పది శాతం మామూలు వడ్డీ లెక్కన, చదువయ్యాక ఏడాదికి కిస్తీలు మొదలయ్యే నాటికి వడ్డీయే లక్షా డెబ్బై ఐదు వేలు. ఐదు లక్షలు కాస్తా ఆరు లక్షల డెబ్బై ఐదు వేలవుతుంది. అదే వడ్డీ వరకు నెలనెలా కట్టుకుంటూ పోతే మొదటి ఏడాది నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు, నాలుగో ఏడాదికి నాలుగు వేల చిల్లర. బావ బయట రెండు లక్షలకు మొదటి నెల నుంచే కట్టబోయిన వడ్డీ అంతే.

[బ్రోచర్ మళ్లీ ఫ్రేమ్‌లోకి]

లెక్క అయ్యాక బావ ఆ బ్రోచర్‌ని మడిచి కవర్లో పెట్టుకున్నాడు, వెనకవైపు అంకెల కోసం. పిల్ల పాలిసెట్ రాస్తానంది. పీఆర్వో మళ్లీ ఫోన్ చేస్తే మా చెల్లి, "రిజల్ట్ వచ్చాక చూస్తాం బాబూ" అని పెట్టేసింది. నిన్న సాయంత్రం ఆయనే మళ్లీ చేశాడు. కన్సెషన్ ఇప్పుడు అరవై వేలట.